బొటనవేలు లాగి లేపేవాడు

సూర్యకాంతమ్మ పోయి ఏడాది దాటింది కాబట్టి ఇక చెప్పొచ్చు. ఆవిడ బతికుండగా ఈ సంగతి ఎవరైనా ఎత్తి ఉంటే వాళ్ళ నోట్లో వేడి నూనె పోసి ఉండేదాన్ని. మా లైనులో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. నోట్లో నువ్వుగింజ నానని మా లైను గవర్రాజు కూడా ఇన్నేళ్ళు గుట్టు దాచాడంటే నాకే నమ్మబుద్ధి కాదు.

నా పేరు పాపాయమ్మ. కూర్మన్నపాలెంలో స్టీలు ప్లాంటుకి వెళ్ళే రోడ్డు పక్కన, ఒక సందు మొదట్లో నాది టిఫిన్ బడ్డీ. సందు లోపల ఉన్న రేకుల లైను సూర్యకాంతమ్మది. ఎదురెదురుగా గదులు, మధ్యలో సిమెంటు గచ్చు, చివర కుళాయి, దాని వెనక ఆవిడ ఇల్లు. ఉక్కునగరంలో క్వార్టరు దొరికినవాళ్ళ దర్జా వేరు. మా లైనులో ఉండేది క్వార్టరు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళూ, కాంట్రాక్టు పనివాళ్ళూ. గదికి ఇద్దరు మగాళ్ళు, రెండు మంచాలు, ఒక స్టవ్వు. మూడో మనిషి కనిపిస్తే సూర్యకాంతమ్మ ఒంటికాలి మీద లేచేది. "నా కులాయి నీల్లేటి సంద్రంలోంచి ఒస్తన్నాయా?" అని సందు దద్దరిల్లేలా అరిచేది.

అరిచేది మాత్రం సాయంత్రాలే. పగలు మా లైనులో ఎవరూ గొంతెత్తకూడదు. రాత్రి సి షిఫ్టుకి వెళ్ళినవాడు తెల్లారాక దిగి వచ్చి పడుకుంటాడు. వాడు పడుకున్నంతసేపూ రోట్లో పప్పు రుబ్బకూడదు. కుక్కరు కూత వెయ్యబోతే గరిటెతో విజిల్ ఎత్తి పట్టుకోవాలి. కూరగాయల బండివాడు కూడా మా సందులోకి వచ్చాక కేక మానేసి చేత్తో సైగ చేసేవాడు. షిఫ్టు మనుషులున్న ఏ పేటలోనైనా ఉండే మర్యాదే ఇది. సూర్యకాంతమ్మకి మాత్రం అది వ్రతం.

ఆవిడ పెనిమిటి చలమయ్య కూడా షిఫ్టు మనిషే. ఒక రోజు నైటు దిగి వచ్చి అలా పడుకున్నాడో లేదో, ఆవిడ తమ్ముడు ఊరినుంచి వచ్చాడు. పలకరించకపోతే బాగుండదని ఈవిడే మొగుణ్ణి తట్టి లేపింది. ఆయన మర్యాదస్తుడు, బామ్మర్దితో కబుర్లు చెబుతూ పొద్దంతా కూర్చున్నాడు. రాత్రి మళ్ళీ సైకిలెక్కి డ్యూటీకి వెళ్తూ దారిలో కునుకు పట్టి లారీకి అడ్డం పోయాడు. అంతే. "నానే లేపాను, నానే సంపుకున్నాను" అని ఆవిడ గుండెలు బాదుకోవడం నా కళ్ళతో చూశాను. పిల్లాజెల్లా లేరు. అప్పట్నుంచీ మా లైనులో పడుకున్న మనిషిని లేపాలంటే ముందు సూర్యకాంతమ్మకి జవాబు చెప్పుకోవాలి.

మరి డ్యూటీకి వెళ్ళాల్సినవాడు లేచేదెలా? అలారం పెడితే, పక్క మంచం మీద అప్పుడే కన్నుమూసినవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. ఇద్దరికీ కొట్లాట. రోజూ ఇదే రభస. దొరబాబు వచ్చేదాకా ఈ చిక్కు తెమల్లేదు.

తొంభై తొమ్మిదిలో, ఎండాకాలం. నేను తెల్లవారుజామున పొయ్యి ముట్టించడానికి వచ్చేసరికి నా బల్ల మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఇరవై దాటి ఉంటాయి. పక్కన రేకు పెట్టె.

"ఎవురబ్బాయివి? బస్సు తప్పిపోయిందేటి?" అన్నాను.

"నేదప్పా. ఊరికే కూకున్నాను" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

ఊరికే కూర్చునేవాడు పెట్టెతో ఎందుకు కూర్చుంటాడు? రెండిడ్లీలు పెట్టి అడిగితే అప్పుడు బయటికొచ్చింది. పేరు దొరబాబు. భీమిలి వైపు జాలర్ల గుడిసెల్లో వాళ్ళదొకటి. తండ్రి ఎప్పుడో పోయాడు. తుపానుకి ఒడ్డు కోసుకుపోయి గుడిసె సముద్రంలో కలిసిపోయింది. తల్లి పోతమ్మ పూడిమడకలో తమ్ముడి పంచన చేరింది. ఆ ఇంట్లో ఆవిడకే అరుగు మీద పక్క, ఇంక ఎదిగిన కొడుక్కి చోటెక్కడ? ఇతను కాంట్రాక్టరు దగ్గర పనికి చేరి రేకుల షెడ్డులో పడుకునేవాడు. పని అయిపోయింది, షెడ్డు విప్పేశారు. రేకులు లారీ ఎక్కాయి, ఈయన రోడ్డెక్కాడు.

"మరిప్పుడు ఎక్కడుంతన్నావు?"

"అదేనప్పా... సూత్తన్నాను" అన్నాడు ఇడ్లీ వైపు చూస్తూ.

నా దగ్గర ఉంచుకోవచ్చు కదా అని మీరనొచ్చు. నాది బడ్డీ కొట్టు. వెనక గదిలో నేనూ, పెళ్ళీడుకొచ్చిన నా కూతురు సుధారాణీ. మనసు లేక కాదు, గోడ లేక. రేకు పెట్టె మాత్రం నా బల్ల కింద పెట్టుకోమన్నాను.

సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ పుట్టుక కదా, తెల్లవారకముందే తనంతట తానే లేచేవాడు. ఒక రోజు గవర్రాజుకి పొద్దుటి డ్యూటీ. లేవలేక రెండు రోజులు వరసగా ఆలస్యమైపోయాడు, ఇంకొక్కసారి అయితే పని ఊడుతుందని ముందురోజు నా దగ్గర లబలబలాడాడు. "ఈ బాబుని అడుగు, కోడికంటే ముందు లెగుతాడు" అన్నాను. దొరబాబు పిల్లిలా గదిలోకి వెళ్ళి, గవర్రాజు కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా ఒక్కసారి లాగాడు. అంతే, గవర్రాజు లేచి కూర్చున్నాడు. పక్క మంచం మీదివాడు పొర్లనైనా పొర్లలేదు. పడవ మీద ఒకడి పక్కన ఒకడు ఇరుకుగా పడుకుంటే, వంతు వచ్చినవాణ్ణి అలాగే లేపుతారట.

వారం తిరక్కుండా లైనంతా దొరబాబే లేపేవాడు. ఎవరికి ఏ షిఫ్టో అతనికి నోటికొచ్చు. దానికి బదులుగా, డ్యూటీకి వెళ్ళినవాడి మంచం వాడు తిరిగొచ్చేదాకా దొరబాబుది. ఎవరూ కూర్చుని మాట్లాడుకుని చేసిన ఏర్పాటు కాదు, అలా కుదిరిపోయింది. సూర్యకాంతమ్మకి మాత్రం తెలియనివ్వలేదు. ఆవిడ అతను నా కొట్టులో పడుకుంటాడనే అనుకునేది.

చెప్పడానికి బాగానే ఉంది. ఆ బతుకు దగ్గరుండి చూడాలి. ఒకడు లేచిన పక్క, ఇంకా ఆ ఒంటి వేడి చల్లారని పక్క, అందులో దూరాలి. వాడు రాకముందే లేచి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి తలవైపు ఉంచి, తాను అక్కడ లేనట్టే బయటికి రావాలి. ఒక చొక్కా లైనులోనే ఇంకో గదిలో ఉండే కృష్ణంరాజు దగ్గర, లుంగీ గవర్రాజు గదిలో, తువ్వాలు నా బడ్డీ వెనక తీగ మీద. షిఫ్టులు మారిన రోజున మంచం మారేది. నిద్రలో ఉలిక్కిపడి "ఏ గదప్పా ఇది?" అని తనలో తానే అడగడం కృష్ణంరాజు విన్నాడట. పగటిపూట పనికోసం హార్బరుకీ, పోర్టు గేటుకీ తిరిగేవాడు. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న నీ ఇల్లెక్కడ అని. కూర్మన్నపాలెం అనేవాడు. కూర్మన్నపాలెంలో ఎక్కడ అంటే నీళ్ళు నమిలేవాడు.

"అప్పా, సచ్చిపోయినోడికైనా గొయ్యి ఉంటాది. నాను ఎక్కడోడ్నని సెప్పుకోను?" అన్నాడు ఒకసారి. నేను "నోర్ముయ్, ఇడ్లీ తిను" అన్నాను. 

వానలు మొదలయ్యాక తల్లి వచ్చింది. పోతమ్మ. ఎండు నెత్తళ్ళ చేపలు ఆకులో కట్టుకుని, కొడుకు గది చూస్తానని పూడిమడక నుంచి బస్సెక్కి వచ్చేసింది. గది ఉందని, మంచి స్నేహితుడితో కలిసి ఉంటున్నానని వీడు కబురు పంపి ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలీక గవర్రాజు గదికి తీసుకెళ్ళాడు. ఆవిడ మంచం మీద కూర్చుని, దిండు సర్ది, దుప్పటి నిమిరి, గోడకున్న క్యాలెండరు చూసి సంతోషపడుతోంది. అంతలో గవర్రాజు డ్యూటీ దిగి వచ్చేశాడు. ఒళ్ళంతా బొగ్గు మసి, కళ్ళు మాత్రమే తెల్లగా.

గుమ్మంలో పోతమ్మని చూశాడు, దొరబాబు మొహం చూశాడు. అర్థమైపోయింది. "ఏం దొరబాబూ, ఇంట్లోనే ఉన్నావా? ఇలా ఎల్తా ఎల్తా సూసి పోదామని ఒచ్చాను" అన్నాడు. తన గదిలో తానే చుట్టమై, కూర్చోమనేదాకా నిలబడ్డాడు. పోతమ్మ "కూకో బాబూ, మొకం కడుక్కుంతావా?" అని మర్యాద చేసింది. తన బకెట్లో నీళ్ళు తానే అడిగి కడుక్కున్నాడు ఆ మహానుభావుడు. వాగుడుకాయ అని ఎంత తిట్టినా, గవర్రాజుని నేను ఈ ఒక్క పనికి క్షమించేశాను.

బస్సెక్కే ముందు పోతమ్మ కొడుకుతో "గది బాగుంది నాయనా. నన్నెప్పుడు తెచ్చుకుంటావు?" అంది. "బేగి తెచ్చేసుకుంతాను" అన్నాడు వాడు. అతను టిక్కెట్టు చిల్లర కోసం అటు వెళ్ళగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దిండు నా కొడుకుది కాదప్పా. ఆడి తల వాసన నాకు తెల్దా? ఆడు ఏ పక్క మీద తొంగుంతన్నాడో నువ్వే కాస్త కనిపెట్టుకో."

నాకు తల తీసి మొలేసినట్టయింది. సరేనన్నాను.

ఆ రోజు తరువాత దొరబాబుకి ఒకటే పట్టుదల. అమ్మకి గది. దానికి ఒక దారి కూడా దొరికింది. పోర్టు దగ్గరి పాతబస్తీలో ఉండే రహమాన్ భాయ్ అని, ఇసుక తోడే ఓడ మీద సారంగు, అంటే పనివాళ్ళ మీద మేస్త్రీ. పోర్టు గేటు దగ్గర దొరబాబు తెగిన మోకు అతికిన తీరు చూసి ముచ్చటపడ్డాడట. "నా ఓడ పారాదీప్ వెళ్ళాలి. ఒక ఖలాసీ జాగా ఖాళీ అవుతుంది. కూడు, పడక ఓడ మీదే. ఏ రోజు కదులుతామో నాకే తెలీదు, మరమ్మతు ఎప్పుడైతే అప్పుడే. నీకు కబురు ఎక్కడ పంపాలి?" అన్నాడట.

"కూర్మన్నపాలెం, పాపాయమ్మ టిఫిన్ కొట్టు, భాయ్."

"కొట్టు కాదు బేటా, ఇల్లు."

"అదే భాయ్."

ఆయన నవ్వి, గాజువాకలో తన చెల్లెలు రసూల్ బీని చూడకుండా ఏ ప్రయాణమూ కట్టనని, ఓడ కదిలే రోజు పొద్దున్నే ఆవిణ్ణి చూసి, అలాగే వచ్చి తనే తీసుకెళ్తానని మాటిచ్చాడు. "ఆ రోజు నువ్వు కనబడకపోతే ఇంకొకణ్ణి ఎక్కించుకుంటాను. సముద్రం పోటు ఎవరికోసమూ ఆగదు."

తనకి పడక ఓడ మీద, జీతంతో తల్లికి గది. సూర్యకాంతమ్మ లైనులో కుళాయి పక్కన చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. దాని కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తూ దొరబాబు నాకు రెండుసార్లు దొరికిపోయాడు. "పొయ్యి ఈ మూల పెట్టుకుంటాది అమ్మ" అన్నాడు సిగ్గుపడుతూ.

సరిగ్గా అప్పుడే ప్లాంటులో షట్‌డౌన్ మరమ్మతులు వచ్చాయి. మా లైనువాళ్ళందరినీ షిఫ్టులు తీసి జనరల్ డ్యూటీకి వేశారు. పొద్దున్నే అందరూ వెళ్ళాలి, సాయంత్రానికి అందరూ రావాలి. రాత్రి అన్ని మంచాలూ నిండిపోయాయి. పగలు అన్నీ ఖాళీ. పగలు పడుకోరా అంటే పడుకోడు. రహమాన్ భాయ్ వచ్చేది పగలే కదా! నా బల్ల మీద కూర్చుని రోడ్డు మీదికి చూపు పెట్టి, వచ్చే ప్రతి గడ్డం మనిషినీ చూసి లేచి నిలబడేవాడు.

"నాను సూత్తాన్రా, ఎల్లి నడుం వాల్చు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నువ్వు ఆయన్ని గుర్తుపట్టవప్పా" అనేవాడు.

రాత్రిళ్ళు దువ్వాడ స్టేషనులో, బస్సు షెల్టర్లో. పోలీసు లాఠీతో తరిమితే మరో షెల్టరు. గవర్రాజు తన మంచం మీద సగం ఇస్తానన్నాడు, ఒక్క రాత్రి పడుకుంటే తెల్లారి సూర్యకాంతమ్మ కుళాయి దగ్గర ఎవరి తుమ్మో కొత్తగా ఉందంది, ఇంక మళ్ళీ వెళ్ళలేదు. కళ్ళు లోతుకుపోయాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏం చెబుతున్నాడో మరిచిపోయేవాడు. ఒకసారి నా ముందే నిలబడి నిద్రపోయి గోడకి కొట్టుకున్నాడు. నుదురు బొప్పి కట్టింది. నాకు కోపమొచ్చి రెండు తిట్టి, మూల కూర్చుని ఏడ్చాను. ఎవరి మీద కోపమో నాకే తెలీదు. ఇంత ఊరు, ఇన్ని మంచాలు, ఒక్క కుర్రాడు పడుకోవడానికి చోటు లేదా!

ఆ సమయంలోనే గాజువాకలో మా ఆడపడుచు కూతురికి పురుడొచ్చి, బడ్డీ మూసి, సుధారాణిని తీసుకుని వెళ్ళాల్సి వచ్చింది. రేపు కొట్టు ఉండదని ముందే దొరబాబుకి చెప్పాను. "ఫరవానేదప్పా, మెట్టు మీద కూకుంతాను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. సందులోకి తొంగి చూశాను. కృష్ణంరాజు గది గుమ్మంలో సూర్యకాంతమ్మ పీట వేసుకుని కూర్చుంది. చేతిలో ఆవిడ కర్ర. డ్యూటీ దిగి వచ్చిన మగాళ్ళందరూ ఇంట్లోకి పోకుండా కుళాయి దగ్గర గుంపుగా నిలబడ్డారు. అయిపోయింది, దొరికిపోయాడు, మంచం మీంచి లాగి పారేసి ఉంటుంది అనుకున్నాను.

కృష్ణంరాజు నా దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పాడు. పొద్దున డ్యూటీకి వెళ్తుంటే దొరబాబు వానలో నీ మెట్టు మీద తూలిపోతున్నాడు, లాక్కొచ్చి నా మంచం మీద పడేశాను, ఆయనొస్తాడు బావా, ఆయనొస్తాడు అంటూనే ఒరిగిపోయాడు, నా డ్యూటీ టైమైపోయి వెళ్ళిపోయాను అన్నాడు.

"మరీవిడేటి?"

"నాకేటి తెలుసు? ఒచ్చేసరికి ఇలా కూకుంది. నా గదిలోకి నన్నే ఎల్లనివ్వట్లేదు."

దగ్గరికి వెళ్ళాను. సూర్యకాంతమ్మ నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. లోపల దొరబాబు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. మీద కప్పి ఉన్నది చలమయ్య దుప్పటి. ఆ నీలం చారల దుప్పటి ఆవిడ ఎండకి కూడా బయట వెయ్యదు.

"ఎన్నాల్లయిందే ఈ గుంటడు తొంగుని? ముకం సూడు, సావు కల" అంది నెమ్మదిగా. "నా కల్లకి కనపడకుండా తిప్పుతన్నారా మీరంతా? నానేం రాచ్చసినా? పొద్దున్నుంచీ ఈగని వాలనివ్వనేదు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఇన్నాళ్ళూ ఎవరికైతే భయపడి దొంగలా దాక్కున్నాడో ఆవిడే వాడికి కాపలా.

మా మాటలకి దొరబాబు కదిలాడు. కళ్ళు తెరిచి, ఎదురుగా సూర్యకాంతమ్మని చూసి మంచం మీంచి ఎగిరి దూకాడు. "తప్పయిపోయిందమ్మగారూ, ఎల్లిపోతాను, ఇప్పుడే ఎల్లిపోతాను" అంటూ దుప్పటి మడతలు పెట్టబోయాడు.

ఆవిడ లేచి అతని తల మీద చెయ్యి వేసింది. "ఎక్కడికెల్తావు నాయనా? కులాయి పక్క గది ఖాళీగా పడుంది గదా. ఎల్లి తొంగో. నీకు సేతనైనప్పుడే అద్దె ఇద్దువు."

దొరబాబు మొహం చూడాలి అప్పుడు! నిద్ర తీరిన మొహం, పసివాడి మొహంలా ఉంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీదు. గవర్రాజు వెనకనుంచి ఈలేశాడు. వాడి ఈల ఆగకముందే దొరబాబు నవ్వు ఆరిపోయింది. నా వైపు తిరిగాడు.

"అప్పా, నా కోసం ఎవురైనా ఒచ్చారా?"

నేను జవాబు చెప్పేలోపలే సూర్యకాంతమ్మ అందుకుంది. గర్వంగా, కొడుక్కి ముద్ద దాచిపెట్టిన తల్లిలా చెప్పింది. "ఒచ్చాడు బాబూ పొద్దున్న ఒకాయన, గెడ్డమాయన, కొట్టు మూసుందని నీ పేరడుగుతా సందులోకి. లేపమంటాడు! అర్జెంటట. సాయంత్రం రమ్మన్నాను. ఇన్లేదు. ఇంక ఇలాక్కాదని, ఈడికి జొరం, ఒల్లు కాలిపోతంది, నాలుగు రోజులు లెగడు అని సెప్పీసాను. పాపం అయ్యో అనుకుని ఎల్లిపోయాడు. నీ నిద్ర సెడగొట్టీసేవోడు."

కుళాయి కింద బకెట్ నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు. నాకు ఆవిణ్ణి పట్టుకుని కుదిపేద్దామన్నంత కోపం వచ్చింది. ఓలమ్మ, ఎంత పని చేశావే అని గొంతుదాకా వచ్చింది. దొరబాబు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. తరవాత ఆవిడ వైపు తిరిగాడు. చలమయ్య సంగతి అతనికి తెలుసు, నేనే ఎప్పుడో చెప్పాను.

"మంచి పని సేసారమ్మా. ఎన్నాల్లకి తొంగున్నానో" అన్నాడు.

ఆ నీలం చారల దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ మురిసిపోతూ ఇంట్లోకి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే కృష్ణంరాజు స్కూటరు తీశాడు. ఇద్దరూ పోర్టుకి పరుగుపెట్టారు. ఏముంది అక్కడ? ఓడ మధ్యాహ్నం పోటుకే వెళ్ళిపోయింది. దొరబాబు జాగాలో ఇంకొకణ్ణి ఎక్కించుకున్నారు. తిరిగొచ్చాక దొరబాబు నా మూసిన బడ్డీ మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. చప్పుడు లేకుండా ఏడ్చాడు, లైనులో ఎవరైనా పడుకున్నారేమో అన్నట్టు. గవర్రాజు, కృష్ణంరాజు, నేనూ చుట్టూ నిలబడ్డాం.

"ఆవిడికి తెల్నివ్వకండి" అన్నాడు చివరికి. "లేపినందుకే ఇన్నేల్లు ఏడ్సింది. లేపనందుక్కూడా ఏడిస్తే బతకదు."

రహమాన్ భాయ్ ఆ తరవాత ఎప్పుడో వచ్చి నన్ను అడిగాడు, ఆ అబ్బాయి జ్వరం తగ్గిందా అని. "జ్వరం మనిషిని ఓడ ఎక్కించుకోకూడదమ్మా. ఆ పెద్దావిడ నాతో అబద్ధం ఎందుకు చెబుతుంది?" అన్నాడు. నేను ఆయనకి టీ ఇచ్చాను. మళ్ళీ జాగా రాలేదు.

దొరబాబు కుళాయి పక్క గదిలోకి మారాడు. అప్పుడో కూలీ, ఇప్పుడో కూలీ. తన ముద్దే దొరకని రోజులు, తల్లిని తెచ్చుకుని ఏం పెడతాడు? కాస్త నిలదొక్కుకున్నాక తెస్తానన్నాడు. ఆ మరుసటి ఎండాకాలం పోతమ్మ పూడిమడకలో తమ్ముడి అరుగు మీదే పోయింది. పొయ్యి పెట్టుకుంటుందన్న మూలలో వీడు తన రేకు పెట్టె పెట్టుకున్నాడు.

సూర్యకాంతమ్మకి మాత్రం అది జీవితంలో తాను చేసిన గొప్ప పని. ఎవరు కొత్తగా గదికి దిగినా చెప్పాల్సిందే. "ఈడికి కడుపునిండా నిద్ర నానిచ్చాను, ఒకడొచ్చి లేపీబోతే తరిమీసాను. అవునా కాదా సెప్పరా?" అనేది. దొరబాబు పక్కనే ఉండి "అవునమ్మా" అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. నేను పెనంమీద అట్టు మాడబెట్టేదాన్ని. చలమయ్య పేరు చెప్పి ఏడవడం మాత్రం ఆవిడ అప్పట్నుంచీ మానేసింది. ఆ మాట కూడా చెప్పాలి.

తరవాత దొరబాబుకి పరవాడలో కరెంటు ప్లాంటు దగ్గర పని దొరికింది, పెళ్ళయింది, ఇప్పుడు రెండు గదుల ఇల్లు. వాళ్ళింట్లో ఒకటే నియమం. ఎవరు ఎవరికోసం వచ్చినా, ఎంత నిద్రలో ఉన్నా లేపాల్సిందే. పెళ్ళాం విసుక్కుంటుంది. వీడు వినడు.

కిందటేడు సూర్యకాంతమ్మ పగటిపూట నిద్రలోనే పోయింది. కబురు అందగానే దొరబాబు వచ్చాడు. గచ్చు మీద ఆవిణ్ణి పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టాలి కదా, ఎవరు కడతారు, కొడుకు లేడే అని పెద్దవాళ్ళు అటూ ఇటూ చూస్తున్నారు. దొరబాబు ముందుకొచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దారం చేతిలో పట్టుకుని కూడా వెంటనే కట్టలేదు. ఆవిడ కుడికాలి బొటనవేలు పట్టుకుని, లైనులో అందరినీ లేపినట్టే, మెల్లగా ఒక్కసారి లాగి చూశాడు.

తరవాత కట్టాడు.